తల్లిపేరు లేని జీవితచరిత్ర

గొప్పవారి జీవితములను వ్రాయుటలో మనవారికి చిరకాలమునుండి ఒక అలవాటు కలదు. తండ్రిని చెప్పుదురు, తాతను చెప్పుదురు, వంశమున ఎవరైనను దివానుగిరీయో తాసీల్దారీయో చేసియున్నయెడల వారిని రెండు పుటలు వర్ణింతురు. తల్లివంతు వచ్చునప్పటికి "సాధ్వీమణి" యను ఒక్క విశేషణముతో ఆమెను సాగనంపుదురు. ఆ విశేషణము పెట్టుటకు తమకు ధైర్యము చాలని తల్లియైనచో ఆమెను గ్రంథమున అడుగిడనే యీయరు. ఈ రెండవ పద్ధతికి గుఱియైనవారిలో మొదట చెప్పదగిన యామె, 1927 మొదలుకొని 1930 వఱకు మదరాసు శాసనమండలిలో సభ్యురాలుగా నుండిన డాక్టరు ముత్తులక్ష్మిరెడ్డిగారు.

ఆమెను గూర్చి మన సభలలో చదువబడు వ్యాసముల నన్నిటిని ఒకచోట చేర్చినచో, ఒకే వ్యాసమును పలువురు వ్రాసినట్లుండును. 1886వ సంవత్సరము జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించెను; తండ్రి నారాయణస్వామి అయ్యరు విద్యావంతుడైన బ్రాహ్మణుడు; మగపిల్లల కళాశాలలో తానొక్కతెయే ఆడపిల్లగా చదివెను; 1912లో మదరాసు వైద్యకళాశాలనుండి పట్టము పొందెను; బ్రిటిషు ఇండియాలో శాసనసభయందు కూర్చుండిన తొలి స్త్రీ యయ్యెను; దేవదాసీ పద్ధతిని మాన్పించెను; అడయారులో కాన్సరు వైద్యాలయమును నెలకొల్పెను; 1956లో పద్మభూషణ గౌరవమందెను; 1968లో గతించెను. ఇంతటితో కరతాళధ్వనులు.

అన్నియు నిజములే. ఒక్కటియు అబద్ధము కాదు. అయినను ఆలోచించు చదువరికి ఒక సందేహము మిగులవలెను. వైద్యవృత్తిలో పేరు, పట్టణమున గౌరవము, అనుకూలుడైన భర్త, ఇద్దఱు కుమారులు గల యొక స్త్రీ, శాసనమండలిలో అడుగుపెట్టిన తొలి యేడే, ఆనాటి పెద్దమనుషులు పెదవిమీదికి రానీయని దేవదాసీల ప్రశ్నను ఏల తలకెత్తుకొనెను? మన వ్యాసకర్తలు దీనికి "సహజకారుణ్యము" అని సమాధానము చెప్పి ముందునకు సాగుదురు. సహజకారుణ్యము గలవారు ఆ మండలిలో ఇంకను కొందఱుండిరి. వారికి ఈ ప్రశ్న తోచలేదు.

ముత్తులక్ష్మిగారి తల్లి పేరు చంద్రమ్మాళ్. ఆమె దేవదాసీ కుటుంబమున పుట్టినది.

ఈ వాక్యము చదివినంతనే పత్రికను మడిచి, ఇంటిలోని ఆడపిల్లల కంటబడకుండ అటకమీద పెట్టు గృహస్థులు మనలో ఉన్నారని నేనెఱుగుదును. సంఘసంస్కారమనిన చెవికోసికొనువారే, వితంతూద్వాహముల పందిళ్లలో తాంబూలములు పుచ్చుకొనిన తాతలను గూర్చి గర్వముతో చెప్పుకొనువారే ఇట్లు చేయుదురు. వారికొఱకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఆ వాక్యము లేనిచో ఆమె చరిత్ర అర్థము కాదనియు, దానిని దాచి ఆమెను పూజించుట ఆమె జీవితమంతయు ఏ దురభిప్రాయముతో పోరాడెనో ఆ దురభిప్రాయమునకే నైవేద్యము పెట్టుట యనియు నా వాదము.

ఇందు మఱియొక వింత కలదు. ఆమె పేరు చివరనున్న రెండక్షరములను చూచి, "మనవాళ్లే" యని మురిసిపోయి, గోడకు పటము కట్టిన తెలుగువారిని నేను చూచితిని. ఆ రెండక్షరములు ఆమె భర్త డాక్టరు టి. సుందరరెడ్డిగారివి. ఆయనను ఆమె 1914లో, 1872వ సంవత్సరపు వివాహచట్టము ననుసరించి పెండ్లాడెను. వధూవరులు తాము హిందూమతము మొదలగు పెద్దమతములలో దేనినిని అవలంబించువారము కామని చెప్పినగాని ఆ చట్టముక్రింద పెండ్లి జరుగుటకు వీలులేకుండెను. 1923 సవరణవఱకును ఆ నిబంధన అట్లే యుండెను. తనను సమానురాలుగా చూడవలెననియు, తన కోరికలకు అడ్డురాకూడదనియు షరతు పెట్టి ఆమె ఆ పెండ్లికి సమ్మతించినది. అనగా కులము గీచిన గీటును దాటి, షరతు పెట్టి, రిజిస్టరులో వ్రాలుచేసి చేసికొనిన పెండ్లివలన వచ్చిన పేరును పట్టుకొని మనవారు కులాభిమానమును తీర్చుకొనుచున్నారు! తల్లివైపు నుండి రానీయని కులమును భర్తవైపునుండి ఎంత వేడుకతో ఆహ్వానించితిమో చూడుడు.

ఆమె బాల్యమును గూర్చి ఒక్క మాట చెప్పవలసియున్నది. చంద్రమ్మాళ్‌ను చేపట్టినందులకు నారాయణస్వామి అయ్యరును ఆయన బంధువులు వెలివేసిరి. అందుచేత ఆ బాలిక తండ్రివైపు చుట్టముల గడప తొక్కక, తల్లివైపువారి నడుమనే మెలగెను. ఆ యిండ్లలో ఆడపిల్ల బుద్ధి యెఱుగుటకు ముందే ఆమె భవిష్యత్తు నిర్ణయమైపోవుటను ఆమె పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. వైద్యురాలు రోగమును నాడి పట్టి తెలిసికొనును; ఈమె ఈ రోగమును రోగి ప్రక్కనే పెరిగి తెలిసికొనినది. పుదుక్కోట మహారాజ కళాశాలలో ఆడపిల్లను చేర్చుకొనుట తగదని ఇతర విద్యార్థుల తల్లిదండ్రులు అల్లరిచేసినప్పుడు, సంస్థానాధీశుడు మార్తాండభైరవ తొండైమాన్ ఆ అల్లరిని త్రోసిపుచ్చి ఆమెకు ప్రవేశమిప్పించెను. ఆ యల్లరికి ఆమె ఆడుది యగుటయొక్కటియే కారణమా, తల్లిపుట్టుక కూడ కొంత కారణమా యని విచారింపక విడుచుట మన వ్యాసకర్తలకు సులభము. ఒక చిన్న సంస్థానపు పట్టణములో ఎవరి తల్లి యెవరో తెలియని యిల్లుండదు.

ఇక శాసనమండలి మాట. మదరాసు రాజధానిలో స్త్రీలకు 1921లో ఓటుహక్కు వచ్చెను. సభ్యులుగా కూర్చుండు అర్హత 1926లో వచ్చెను. ఆ యేడు ఎన్నికలలో కమలాదేవీ చట్టోపాధ్యాయగారు నిలిచి కొలదిలో ఓడిపోయిరి. భారతస్త్రీ సంఘమువారు ముత్తులక్ష్మిగారి పేరును సూచింపగా ప్రభుత్వమువారు ఆమెను నామినేటు చేసిరి. 1927 జనవరిలో మండలి ఆమెను ఏకగ్రీవముగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకొనెను.

"ప్రజలెన్నుకొనిన సభ్యురాలు కాదుగదా, సర్కారు నియమించినదేగదా" యని చప్పరించువారు కలరు. ఈ యాక్షేపణను నేను తేలికగా త్రోసిపుచ్చను. ఓటరులకు జవాబు చెప్పవలసిన సభ్యునికి, చెప్పనక్కఱలేని సభ్యునికి భేదమున్నది. కాని ఆనాటి ఓటరులెవరు? పన్ను కట్టువారు, ఆస్తి గలవారు. భూమి యుండియు దానిపై స్వేచ్ఛలేక, దేవాలయమునకు కట్టువడిన స్త్రీలతరఫున ఆ ఓటరులు ఎవరిని ఎన్నుకొనియుందురు? ఎన్నికైన సభ్యులలో ఆ స్త్రీల మాట ఎత్తి తన ఓట్లకు ముప్పు తెచ్చుకొనువాడెవడు? ఎన్నిక లేకపోవుట సాధారణముగా లోపమే. ఈ యొక్క పట్టున ఆ లోపము ఆమె నోటికున్న బీగమును తీసినది. అట్లు ప్రభుత్వము దయచేసిన పీఠమును, 1930లో గాంధీమహాత్ముని నిర్బంధించినప్పుడు, నిరసనగా ఆమె తిరిగి ప్రభుత్వము ముఖముననే విసరివైచెను. పదవికొఱకు నియమింపబడినవారు చేయు పని యది కాదు.

ఆమె చేసిన పనులలో మన వ్యాసములు "దేవదాసీ నిర్మూలన" యని ఒక్క సమాసములో ముగించు దానిని కొంచెము విప్పి చూపవలెను. ఏలయన అందులోనే ఆమె తెలివి, ఆమె పెంపకము తెలియును. బాలికలను వ్యభిచారమునకై అమ్ముట, కొనుట నేరమని శిక్షాస్మృతి 1860లోనే చెప్పెను. 1924లో ఆ వయోపరిమితిని పదునెనిమిదేండ్లకు పెంచిరి. అయినను గజ్జెపూజలు నిలువలేదు. పైనుండి చూచువానికి ఇది మూర్ఖత్వముగాను, దురాశగాను కనబడును. "శిక్ష చాలలేదు, ఇంకను కఠినముగా శిక్షింపవలెను" అని వాడనును. లోపలినుండి చూచిన ముత్తులక్ష్మిగారికి ముడి ఎక్కడ పడియున్నదో తెలియును.

ఆ ముడి భూమిలో పడియుండెను. ఆలయమున ఆడి, పాడి, కుంభహారతి పట్టి సేవచేయు స్త్రీలకు పూర్వపు రాజులు, జమీందారులు మాన్యములిచ్చిరి. ఆ మాన్యమునకు సేవయే వెల. సేవ నిలిచినచో మాన్యము పోవును. కనుక ఒక తరపు స్త్రీ వృద్ధురాలగునప్పటికి ఆ యింట మఱియొక బాలికకు గజ్జెలు కట్టవలెను. కడుపున పుట్టిన పిల్ల లేనిచో దత్తత తేవలెను. కట్టనిచో వృద్ధురాలితో కూడ ఇల్లంతయు వీధిపాలగును. తల్లి తన బిడ్డను ప్రేమించినను, ప్రేమింపకపోయినను లెక్క ఒక్కటే. ఆకలిని ఎదురుపెట్టి తల్లిచేత బిడ్డను ముడివేయించు యంత్రమది. యంత్రమును విడిచిపెట్టి తల్లిని చెఱసాలకు పంపుటవలన ఫలమేమి?

1927 నవంబరులో ఆమె ఈ పద్ధతిని మాన్పుటకు చట్టము చేయవలసినదని తీర్మానము ప్రవేశపెట్టి నెగ్గించెను. తరువాత నేరుగా శిక్షావిధికి పోలేదు. ముందు హిందూ దేవాదాయచట్టమునకు సవరణ తెచ్చి, 1929లో దానిని శాసనము చేయించెను. దానివలన దేవదాసీ ఇనాములు సేవాబంధమునుండి విడుదలయై, సేవకు మాఱుగా కట్టుబడి రొక్కము ఏర్పడి, భూమి అనుభవించువారివద్దనే నిలిచెను. బిడ్డకు గజ్జెలు కట్టకపోయినను పొలము పోదు. ఇది జరిగిన పిమ్మటనే, 1930లో, అంకితము చేయుటనే నిషేధించు బిల్లును ప్రవేశపెట్టెను. ముందు అన్నము, తరువాత ఆంక్ష. ఈ క్రమము ఎవరికి తోచును? ఆ యిండ్లలో సాయంకాలము పొయ్యి యెట్లు వెలుగునో చూచినవారికి తోచును. చంద్రమ్మాళ్ కుమార్తె యని చెప్పక, ఈ క్రమమును "మేధాసంపత్తి" యని వర్ణించుట, వేరును నఱికి కొమ్మను పొగడుట.

ఇతర కార్యములను త్వరగా చెప్పెదను. బాల్యవివాహములపై సభలో పోరాడినది. వేశ్యాగృహములను, స్త్రీవ్యాపారమును అణచు మదరాసు చట్టము 1930లో వచ్చుటకు తోడ్పడినది. దేశమంతటి విద్యాస్థితిని పరిశీలించిన హార్టాగు సంఘములో సభ్యురాలై తిరిగినది. తన శాసనసభానుభవములను 1930లో ఆంగ్లమున ఒక గ్రంథముగా ప్రకటించినది. మూడునాలుగు సంవత్సరముల సభ్యత్వమునకు లెక్క అప్పగించుటకై పుస్తకము వ్రాసిన శాసనసభ్యులు ఈనాడెందఱు కలరో పాఠకులే లెక్కింతురుగాక, వ్రేళ్లు మిగులును.

ఆమెను ఎదిర్చినవారిలో సత్యమూర్తిగారు ముఖ్యులు. ఆయన దేశభక్తిని శంకించుటకు నాకు అధికారము లేదు. సంగీతనాట్యములందు ఆయన ప్రీతియు నిజమే. అయినను దేవాలయాచారమని, కళానిలయమని ఆయనయు ఆయన పక్షమువారును చెప్పిన మాటలలో ఒక లోపము కనబడుచున్నది. ఆచారము గొప్పదనినవారు ఆ గొప్పతనమును తమ యింటి వాకిటికి దూరముగనే యుంచిరి. కళ కావలెను, కళావంతురాలితో చుట్టరికము మాత్రము వలదు. ఈనాడు ఆమె జీవితచరిత్రనుండి తల్లిని తొలగించువారు సత్యమూర్తిగారి పక్షమును ఖండించుచున్నామని తలంతురు. నా కంటికి ఇరువురును ఒకే బల్లమీద కూర్చుండి కనబడుచున్నారు. ఒకరు ఆ స్త్రీని గుడిలో నుంచి ఇంటికి రానీయలేదు. ఒకరు ఆమెను గుడినుండి తప్పించి పుస్తకమునకు రానీయకున్నారు.

ఎదురుపక్షమున మఱియొక వర్గము కలదు. వారిని సత్యమూర్తిగారితో కలిపి చెప్పుట న్యాయము కాదు. మదరాసులోని దేవదాసీలలో అనేకులు ఆ బిల్లును వలదని ప్రభుత్వమునకు మనవి చేసికొనిరి. వారికి ముందు నిలిచిన యామె బెంగుళూరు నాగరత్నమ్మగారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిని తన సొమ్ముతో ఉద్ధరించిన నాగరత్నమ్మగారే. 1910లో ముద్దుపళని కావ్యమైన రాధికాసాంత్వనమును పరిష్కరించి అచ్చువేయించి, అది అశ్లీలమని దొరతనమువారు నిషేధింపగా మాట పడినదియు ఆమెయే. తమను గూర్చి చట్టము చేయునప్పుడు తమ్ము అడుగవలెననియు, తామందఱము వ్యభిచారిణులము కామనియు ఆ స్త్రీలు చెప్పినదానిలో ధర్మమున్నది. ఈ చట్టముల తరువాత నాట్యము భద్రకుటుంబముల కన్యలకు అలంకారమై, దానిని తరతరములుగా కాపాడిన స్త్రీలకు చేతికందని వస్తువైనది. గోదావరీతీరమున కళావంతుల వృద్ధస్త్రీలు తలుపులు మూసికొని జావళీలు పాడుకొనవలసిన దినములు వచ్చినవి. ముత్తులక్ష్మిగారును ఆమె సహచరులును వాడిన భాషలో ఆ స్త్రీలు తఱచుగా "పతితలు"గనే కనబడిరి గాని విదుషీమణులుగ కనబడలేదు. అది ఆమె పనిలోని కొఱత. వీరేశలింగము పంతులుగారి కాలమునుండి మన సంస్కారులు భోగముమేళములపై కత్తి దూసినప్పుడెల్ల ఆ కత్తి ఆచారమునకు కొంత, ఆచారమున చిక్కినవారికి కొంత తగిలినది.

అయినను ఈ కొఱత చెప్పి ఆమె చట్టమును తీసివేయుమనువారితో నేను ఏకీభవింపను. కళ పోయెనని విచారించుట సులభము. ఎనిమిదేండ్ల బాలికను కళకొఱకు విడువుమని చెప్పుట అంత సులభము కాదు. నాగరత్నమ్మగారి విద్వత్తు సత్యము, ముత్తులక్ష్మిగారి చట్టము అవసరము. ఒకే విధమైన యిండ్లనుండి వచ్చిన యిరువురు స్త్రీలు ఎదురెదురుగ నిలిచి వాదించిరి; ఇరువురికిని చెప్పవలసిన మాట యుండెను. మన తెలుగునాటను కళావంతుల కుటుంబమున పుట్టి, ఆ ఆచారమును ఖండించుచు ఊరూర ఉపన్యసించి, మదరాసులో యువతులకై శరణాలయము నడపిన యామినీ పూర్ణతిలకమ్మగారు కలరు. ఆమె పేరు ఎందఱిండ్లలో వినబడుచున్నది? ఆమె తల్లిని చెప్పక ఆమెను చెప్పుటకు వీలులేదు. కనుక ఆమెనే చెప్పుట మానితిమి.

ఇక్కడ ముద్దుపళనిని గూర్చి ఒక మాట. మన ప్రబంధకవులు అవతారికలలో తండ్రితాతల పరంపరను సీసపద్యములలో పారించుట అందఱెఱిగినదే. ముద్దుపళని తన వంశమును తంజనాయకి యను స్త్రీనుండి చెప్పుకొనినది. రెండువందల యేండ్లకు పూర్వమే తంజావూరు కొలువులో ఒక స్త్రీకి వంశమును దాచుకొనవలసిన సిగ్గు లేకపోయెను. ఆ సిగ్గును మనము తరువాత సంపాదించుకొని, దానికి నాగరకత యని పేరు పెట్టితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పాఠశాలలో స్త్రీవిద్యను గూర్చి వ్యాసరచనపు పోటీ జరిగెను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ముత్తులక్ష్మిగారిని గూర్చి వ్రాసినది. "ఆమె తల్లి దేవదాసీల కుటుంబమునకు చెందినది. అందువలన ఆమెకు ఆ బాధ తెలియును" అని రెండు వాక్యములు, ఏ యలంకారమును లేకుండ, వ్రాసియుండెను. నేను చదివిన వ్యాసములలో అదియే మంచిది. బహుమానసభకు అధ్యక్షులుగా రానున్న పెద్దమనిషి, సంస్కారాభిలాషి యని ఊరిలో పేరుపొందినవారు, కాగితము చూచి నన్ను ప్రక్కకు పిలిచిరి. "ఏమండీ మాస్టారూ, అంత గొప్ప డాక్టరమ్మ కథలో ఆ గొడవ మనకెందుకండీ? పిల్లచేత ఆ రెండు ముక్కలూ కొట్టించేయండి. తల్లిదండ్రులు వస్తారు, బాగుండదు" అనిరి. కొట్టింపనంటిని. "అయితే పైకి చదివించకండి" అనిరి. మొదటి బహుమానము మఱియొక వ్యాసమునకు పోయెను. అందులో తల్లి "సాధ్వీమణి". ఆ పెద్దమనిషి చెడ్డవారు కారు. ఆనాటి సభలో స్త్రీజనోద్ధరణమును గూర్చి ఆయన ముప్పావుగంట ప్రసంగించిరి.

"పోయినవారి పుట్టుకలు త్రవ్వి ఏమి ప్రయోజనము? మనిషిని చేసిన పనినిబట్టి చూడవలెనుగాని పుట్టుకనుబట్టి చూడరాదని మీరే గదా చెప్పుదురు" అని కొందఱు ఎదురుప్రశ్న వేయుదురు. వినుటకు ఎంతో న్యాయముగా నున్నది. కాని ఈ న్యాయమును మనము ఎవరియెడల పాటించుచున్నాము? ఎన్నికలు వచ్చినంతనే ఏ నియోజకవర్గమున ఏ కులమువారు ఎందఱో, ఏ కక్షి ఏ కులమునకు ఎన్ని స్థానములిచ్చెనో పట్టికలు వేసి ప్రకటింపని పత్రిక యేది? శాసనసభ్యుడు ఎవరి కుమారుడు, ఎవరి యల్లుడు, ఎవరి మనుమడు అను విషయము ఆయన సభలో నోరు విప్పెనా యను విషయముకంటె మనకు బాగుగా తెలియును. తండ్రిపుట్టుక గర్వకారణమైనప్పుడు పుట్టుకను చాటుదుము. తల్లిపుట్టుక మనకు నచ్చనప్పుడు "పుట్టుకతో పనియేమి" యని వేదాంతము చెప్పుదుము. ఆ వేదాంతము రెండువైపుల వర్తించిననాడు నేనును దానిని అంగీకరింతును.

మఱియు పని యను దానికి పుట్టుచోటు కలదు. ముత్తులక్ష్మిగారి చెల్లెలు 1923లో కాన్సరుతో మరణించెను; ఆ దుఃఖమే 1954లో అడయారులో వైద్యాలయమైనదని ప్రతివ్యాసమునను కనబడును. చెల్లెలి రోగము వైద్యాలయమునకు కారణమని చెప్పుటకు ఎవరును జంకరు. తల్లి పుట్టుక చట్టమునకు కారణమని చెప్పుటకు మాత్రమే గొంతు పట్టుకొనును.

పదవిని విడిచిన పిమ్మట ఆమె కథ ముగియలేదు. దేవదాసీ కుటుంబములను విడిచివచ్చిన బాలికలకు పట్టణములోని వసతిగృహములు తావీయకుండెను. ఆమె వారిని తన యింటనే యుంచుకొనెను. దానినుండియే అవ్వై ఇల్లు పెరిగెను. ఆలోచింపుడు: చదువుకొనవచ్చిన బాలికలకు ఆ వసతిగృహములు తలుపు మూసినది వారు ఏదో చేసినందులకు కాదు, వారి తల్లులెవరో తెలిసినందులకు. మా అధ్యక్షులవారు కొట్టింపుమనిన రెండు వాక్యములును ఆ తలుపును ఒకే కొయ్యతో చేయబడినవి.

ఆమె 1930లో ప్రవేశపెట్టిన బిల్లు పదునేడేండ్లు నిద్రించెను. 1937లో వచ్చిన కాంగ్రెసు మంత్రివర్గముకూడ దానిని చట్టముగా చేయలేదు. గాంధిగారు ఆమె యుద్యమమును బలపఱచి వ్రాసియుండిరి; అయినను ఆయన పేరు చెప్పుకొని ఓట్లడిగినవారికి తొందరలేకపోయెను. తుదకు ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారు ప్రధానమంత్రిగా నున్నప్పుడు, 1947లో, మదరాసు దేవదాసీ అంకిత నిషేధ చట్టము వచ్చెను. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసులోనివే గనుక ఆ చట్టము మనదియు నయ్యెను. తెలంగాణము నిజాము ఏలుబడిలో నుండుటచే అక్కడి జోగినులకు అది యందలేదు. 1988లోగాని ఆంధ్రప్రదేశ్ శాసనసభ రాష్ట్రమంతటికిని వర్తించు నిషేధమును చేయలేదు. ముత్తులక్ష్మిగారి తీర్మానమునకును దీనికిని నడుమ అరువదియొక్క యేండ్లు. ఆలయములలో ఆడి పాడిన కళావంతులను గూర్చియైనను మన సాహిత్యమున వాదములు జరిగినవి. పాలమూరు, నిజామాబాదు ప్రాంతములలో గ్రామదేవతకు విడువబడిన దళితబాలికలను గూర్చి, అనంతపురమువైపు బసివులను గూర్చి, చిత్తూరువైపు మాతమ్మలను గూర్చి మన పెద్దలు వాదించుటకైనను నోరు విప్పినది చాల తక్కువ. వారికి మాన్యములు లేవు, జావళీలు లేవు. పుట్టిన బిడ్డలకు తండ్రిపేరును లేదు.

నేను బడిపంతులను గనుక ఈ కడపటి విషయము నా బల్లమీదికి వచ్చినది. వివాహము కాని తల్లి తన బిడ్డ తండ్రి యెవరో చెప్పి తీరవలెనని నిర్బంధింపరాదని 2015లో సుప్రీముకోర్టు ఒక సంరక్షణాధికారపు వ్యవహారమున తీర్పు చెప్పెను. శాసనసభకు నిలుచు అభ్యర్థులు 2003 మొదలు తమ ఆస్తులను, చదువును, తమపైనున్న కేసులను తెలుపుచు ప్రమాణపత్రము దాఖలు చేయుచున్నారు. అందు ఎవరి కుమారుడు, ఎవరి కుమార్తె, ఎవరి భార్య యని ఒకచోటు కలదు. ఆ చోట తల్లిపేరు వ్రాసిన అభ్యర్థిని నేనింతవఱకు చూడలేదు. బడిలో చేరు పిల్లల రిజిస్టరులో ఇప్పుడు తల్లిపేరునకు ఒక గడి ఏర్పడినది. అది మంచిదే. కాని ప్రక్కనున్న తండ్రిపేరు గడిని ఖాళీగా విడిచి కాగితమందించిన తల్లిని గుమాస్తా మఱియొకసారి అడుగును. ఈసారి వరుసలో నిలుచున్నవారందఱికిని వినబడునట్లు అడుగును.